హాంబర్గర్ అంటే ఏటి మాస్టారూ?

(గాజువాకలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన అధ్యయన తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించో, రిజర్వేషన్ల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. నేను ఇవాళ ఒక తిండి పేరు గురించి మాట్లాడతాను. హాంబర్గర్. నవ్వకండి. నవ్వినా పర్లేదు గానీ చివరిదాకా వినండి. ఈ మాట నేను వెతుక్కుంటూ పోయింది కాదు. మా బళ్ళో ఏడో తరగతి చదివే గుంటడొకడు నా నెత్తిన పెట్టాడు.

వాడు బీచి రోడ్డులో బండి మీద బర్గర్ చూశాడు. మర్నాడు ఇంగ్లీషు డిక్షనరీ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మాస్టారూ, హామ్ అంటే పంది మాంసం అని ఇందులో రాసుంది. బండాయనేమో ఇందులో బంగాళాదుంపే ఉందంటాడు. పంది లేకుండా ఆ పేరెందుకండి? హాంబర్గర్ అంటే ఏటి మాస్టారూ?"

మంచి ప్రశ్న. ఆ పూటకి "రేపు చెప్తాను" అని తప్పించుకున్నాను. మాస్టర్లకి అదొక అలవాటు. ఇంటికెళ్ళి చదివాను. చదివింది మీకూ చెప్తాను.

ఆ మాటలో పంది లేదు. ఉన్నది ఒక ఊరు. జర్మనీ దేశంలో ఎల్బ్ నది ఒడ్డున హాంబర్గ్ అనే పట్నం ఉంది. సముద్రానికి వంద కిలోమీటర్ల పైన లోపలికి ఉన్నా ఆ దేశానికి అదే అతి పెద్ద రేవు. మన విశాఖ రేవు 1933లో మొదలయింది. వాళ్ళది వందల ఏళ్ళ నాటిది. తొమ్మిదో శతాబ్దంలో అక్కడ హమ్మాబుర్గ్ అనే కోట ఉండేది. బుర్గ్ అంటే కోట. కోట పేరే ఊరికి వచ్చింది. ఊరి పేరుకి చివర 'అర్' చేరిస్తే ఆ ఊరివాడు, ఆ ఊరిది అని అర్థం. మనం బందరు లడ్డు, మాడుగుల హల్వా అనమూ? అంతే. హాంబర్గర్ అంటే హాంబర్గ్ ఊరిది.

మరి హామ్ ఎక్కణ్ణించి వచ్చింది? మాటని తప్పు చోట విరిచారు. హాంబర్గ్, అర్ అని విరవాల్సింది హామ్, బర్గర్ అని విరిచారు. మాడుగుల హల్వాని ఎవడో 'మాడు', 'గుల' అని విరిచి, ఇది మాడిపోయిన హల్వా అన్నట్టన్నమాట! అలా విరిగి పడ్డ 'బర్గర్' ముక్కకి కొత్త తోకలూ తలకాయలూ మొలిచాయి. చీజ్ బర్గర్, ఫిష్ బర్గర్, వెజ్ బర్గర్. హాంబర్గ్ పోయింది, మాంసం పోయింది, మన బీచి రోడ్డుకి వచ్చేసరికి బంగాళాదుంప మిగిలింది. మాట మాత్రం దర్జాగా ఉంది.

ఇంకో సంగతి. కోటలో ఉండేవాణ్ణి జర్మన్లు బ్యూర్గర్ అన్నారు. ఇవాళ వాళ్ళ భాషలో ఆ మాటకి పౌరుడు అని అర్థం. అదే వేరు నుంచి ఫ్రెంచి భాషలో బూర్జువా అనే మాట పుట్టింది. అంటే మన మీటింగుల్లో పొద్దస్తమానం తిట్టే బూర్జువా, బండి మీద అమ్మే బర్గర్ చుట్టాలే. కోట గోడ లోపల ఉన్నవాడికి గౌరవం, హక్కులు. గోడ బయట ఉన్నవాడికి? మన పల్లెలకి కోట గోడలు అక్కర్లేదు. ఊరు ఇటు, పేట అటు. మధ్యలో ఒక గెడ్డో, ఒక బాటో చాలు. గోడ మనసులో కట్టుకున్నారు గనక రాళ్ళ ఖర్చు మిగిలింది.

సరే, ఆ ఊరి పేరు తిండికి ఎలా అంటుకుంది? పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో పేద రైతులు, చేతిపనివాళ్ళు, తూర్పు దేశాల్లో తన్నులు తిన్న యూదులు పొట్ట చేతపట్టుకుని అమెరికా పోయారు. వాళ్ళు ఓడ ఎక్కిన పెద్ద రేవుల్లో హాంబర్గ్ ఒకటి. హాంబర్గ్ - అమెరికా ఓడల కంపెనీ 1847లో పుట్టింది. సుమారు 50 లక్షల మంది ఆ ఒక్క రేవు మీదుగానే ఖండం దాటారని లెక్క. ఆ మనుషుల వెనకే పశుమాంసం కైమా కొట్టి, ముద్ద చేసి, కాల్చిన వంటకం పేరూ న్యూయార్కు చేరింది. అక్కడి పూటకూళ్ళ ఇళ్ళు దాన్ని హాంబర్గ్ స్టీక్ అని పలక మీద రాసి అమ్మాయి. తర్వాత ఎవరో రెండు రొట్టె ముక్కల మధ్య పెట్టారు. పళ్ళెం, బల్ల, కుర్చీ అక్కర్లేకుండా నిలబడి తినేసి పనిలోకి పోవచ్చు. కూలివాడి తిండి అది. ఆ రొట్టె మధ్య మొదట పెట్టింది మేమంటే మేమని విస్కాన్సిన్‌లో ఒక ఊరు, న్యూ హేవెన్‌లో ఒక హోటలు, టెక్సాస్‌లో ఇంకో ఊరు ఇప్పటికీ తగువులాడుకుంటున్నాయి. ఏదీ రుజువు కాలేదు. చూడండి, పశుమాంసం వంటకాన్ని మేమే కనిపెట్టామని చెప్పుకోవడానికి అక్కడ ఊళ్ళు కొట్టుకుంటున్నాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక్కడ నాకు అర్థమయింది ఒకటి. సరుక్కి పేరు వచ్చేది దాన్ని చేసిన చేతుల నుంచి కాదు. అది ఎక్కిన రేవు నుంచో, అమ్ముడుపోయిన బజారు నుంచో వస్తుంది. మీరు ఉక్కు మనుషులు గనక ఉక్కు సంగతే చెప్తాను. మన తెలుగు నేల మీద, కన్నడ నేల మీద మట్టి మూసల్లో కరిగించి మేలురకం ఉక్కు తీసేవారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం దానికి పేరుపడ్డ ఊరు. పారశీక వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవారు. మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో వూట్జ్ అయి, 1795లో లండన్‌లో శాస్త్రవేత్తల వ్యాసాల్లోకి ఎక్కింది. ఆ ఉక్కుతో చేసిన కత్తికి మాత్రం డమాస్కస్ కత్తి అని పేరు. డమాస్కస్ ఎక్కడ? సిరియాలో. అక్కడ బజారు ఉంది, పేరు అక్కడిది. కొలిమి దగ్గర ఒళ్ళు కాల్చుకున్నవాడికి పేరు లేదు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలిచ్చారు మనవాళ్ళు. హక్కు అంటే ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, పేరు కూడా అని నాకనిపిస్తుంది.

సరుకుల సంగతి అలా ఉంచండి. రేవు పేరు మనుషులకి అంటుకుంటే ఏమవుతుంది? దానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు. మా ఇంటికి రండి.

మా ముత్తాత రంగం వెళ్ళాడు. ఈ జిల్లాల్లో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అంటారు. ఇక్కడ కరువు, అప్పు, బుగత చాకిరీ. అక్కడ రేవులో కూలి దొరుకుతుంది. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు వేలకి వేలు ఓడెక్కారు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసింది మనవాళ్ళు. రిక్షాలు లాగింది మనవాళ్ళు. ఆ పట్నం పాకీదొడ్లు కడిగి వీధులు ఊడ్చిందీ ఎక్కువగా తెలుగువాళ్ళే. అక్కడ వీళ్ళకి పెట్టిన పేరు కోరంగీలు. కోరంగి కాకినాడ పక్కన ఒకప్పటి గొప్ప రేవు. 1839 నవంబరు తుపాను దాన్ని ఊడ్చిపెట్టేసింది. రేవు పోయినా పేరు బర్మాలో ఉండిపోయింది. మా ముత్తాత ఎక్కింది విశాఖలో. కోరంగి ముఖం కూడా ఎన్నడూ చూసి ఉండడు. అయినా అక్కడ కోరంగీయే. మలయాలో కూడా ఇంతే, కళింగ అనే పేరు నుంచి వచ్చిన కెలింగ్ అనే మాట మనవాళ్ళ మీద తిట్టు కింద స్థిరపడింది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని దించాయి. రాజీ కుదిరాక తెలుగువాళ్ళని మళ్ళీ పిలిచి, బర్మావాళ్ళని పొమ్మన్నాయి. మే 26న రేవులో కొట్లాట మొదలయింది. వంద మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువ మంది మన తెలుగు కూలీలే. కంపెనీ దొరలకి దెబ్బ తగల్లేదు. కోరంగి అనే పేరు మాత్రం తరుముతున్న గుంపు నోట్లో ఉంది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షల మంది అడవులూ కొండలూ పట్టి నడిచొచ్చేశారు. మా తాత అలా వచ్చినవాడే. దారిలో ఎవరిని ఎక్కడ వదిలేశాడో ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత 1960లలో ఇంకొక విడత వచ్చారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు వినలేదా మీరు? అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావాళ్ళు. మనిషి ఒకడే, ఏ ఒడ్డున దిగితే అవతలి ఒడ్డు పేరు పెట్టారు.

ఇప్పుడు రెండు మాటలూ పక్కపక్కన పెట్టండి. హాంబర్గర్ అంటే ఒక రేవుది. కోరంగి అంటే కూడా ఒక రేవుది. రెండూ పేదవాళ్ళు పొట్టకూటికి ఓడెక్కిన రేవుల పేర్లే. ఒకటి ప్రపంచమంతా గాజు అద్దాల దుకాణాల మీద దీపాలతో వెలుగుతోంది. రెండోది తిట్టు అయింది. తేడా అక్షరాల్లో లేదు. అన్నది ఎవరు, పడ్డది ఎవరు అన్న దగ్గర ఉంది. మాల అన్న మాటలో గానీ, మాదిగ అన్న మాటలో గానీ, రెల్లి అన్న మాటలో గానీ తిట్టు ఎక్కడుంది చెప్పండి? అనేవాడి నాలిక మీద ఉంది.

అంచేత పేర్లు మార్చుకోవాలా? మార్చుకున్నవాళ్ళున్నారు. 1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగింది. జర్మను పేరు నోట పలకడం ఇష్టం లేక కొందరు హాంబర్గర్‌ని లిబర్టీ స్టీక్ అన్నారు. స్వేచ్ఛా మాంసం! యుద్ధం అయింది, కోపం తీరింది, పాత పేరు మళ్ళీ వచ్చింది. సరిగ్గా అదే 1917లో బెజవాడలో మనవాళ్ళ సభ జరిగింది. పంచమ మహాజన సభ అని పిలిచారు. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ లేచి, మేము పంచములం కాము, ఈ నేల మీద మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నారు. 1922 నాటికి మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో కూడా ఆ పేరు ఎక్కింది. ఒకటి కోపంతో పెట్టిన పేరు, ఆరు నెలల ముచ్చట. ఇంకొకటి ఆత్మగౌరవంతో పెట్టుకున్న పేరు, మన తాతల సర్టిఫికెట్ల మీద నిలిచింది. మళ్ళీ 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయినప్పుడు ఇంకో దారి చూశాం. తిట్టుగా వాడిన మాటనే తీసి పేరు చివర పెట్టుకున్నారు. ఆ ఉద్యమం కోర్కెల మీద మనలో మనకి వాదాలున్నాయి, దాచేదేముంది. కానీ దాచుకున్న మాటని మైకులో చెప్పడం అనే పని మాత్రం మనందరి వెన్ను నిలబెట్టింది.

సరే, మా గుంటడి దగ్గరికి వస్తాను. ఇదంతా వాడికి అర్థమయ్యేలా చెప్పాను. రేవు, ఓడ, కైమా, రొట్టె అన్నీ. "అయితే అసలు హాంబర్గర్‌లో ఉండేది పశుమాంసమా మాస్టారూ?" అన్నాడు. అవునన్నాను. 1996లో మెక్‌డొనాల్డ్ కంపెనీ ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడు పశుమాంసం, పంది మాంసం రెండూ లేకుండా తెరిచింది, పేరు మాత్రం ఉంచుకుంది అని కూడా చెప్పాను. వాడు కాసేపు కింద చూసి అడిగాడు: "అయితే మా ఇంటి కూరకి కూడా ఇంగ్లీషు పేరెట్టి సెప్తే ఎవులూ ఏటీ అనరాండి?"

నాకు నోట మాట రాలేదు. ఆ సాయంత్రం వాళ్ళ పేటకి వెళ్ళాను. వాళ్ళమ్మ చెప్పింది. "ఆదివారం పెద్దమాంసం వొండుకున్నాం బాబూ. సోమవారం బళ్ళో ఏటి కూరని అడిగితే ఈడు నోరుజారి సెప్పేసినాడు. మర్నాటి నించి ఈడి పక్కన ఎవులూ కూకోడం నేదు. నానే తప్పు సేసాను, వంకాయ కూరని సెప్పమని సెప్పకుండా పంపేసాను."

మిత్రులారా, నలభై ఏళ్ళ కిందట మా అమ్మ నాకు చెప్పి పంపిన మాట అదే. వంకాయ కూరని చెప్పు. మా నాన్న రేవులో కళాసీ. ఒళ్ళొంచి మోసి తెచ్చిన కూలి డబ్బుతో కొన్న కూర. దొంగతనం చేసింది కాదు. అయినా ఆ కూర పేరు బళ్ళో చెప్పకూడదు. నేను డిగ్రీ చదివాను, మా వంశంలో మొదటివాణ్ణి. వేదికలెక్కి కులం గురించి గంటలు గంటలు మాట్లాడాను. నా తరగతిలో, నా కళ్ళ ముందు, ఒక బెంచీ మీద ఒక గుంటడు పది రోజులు ఒంటరిగా కూచుంటే నాకు కనపడలేదు. వాడు వచ్చి హాంబర్గర్ అంటే ఏటని అడగాల్సి వచ్చింది. నా తప్పు మీ ముందు ఒప్పుకోవడానికే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాను.

ఈ సిగ్గు మనకి ఎవరు నేర్పారు? అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ళ గురించి రాసిన పుస్తకంలో దీని మూలం వెతికారు. చెదిరిపోయిన తెగల మనుషులు ఊరి బయట ఉండేవారు. బౌద్ధంతో పోటీపడి బ్రాహ్మణులు గోమాంసం మాని ఆవుని పవిత్రం చేశాక, తినడం మానని ఆ బయటివాళ్ళు అంటరానివాళ్ళయ్యారు అని ఆయన వాదన. ఊరి బయటి ఇల్లు, పళ్ళెంలో కూర, రెండూ కలిసి మన మీద ముద్ర వేశాయి. ఆ ముద్ర పాత పుస్తకాల్లోనే ఉండిపోలేదు. 2016 జూలైలో గుజరాత్‌లో ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్నవాళ్ళని కట్టేసి కొట్టారు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న అన్నదమ్ముల్నీ అలాగే కట్టి కొట్టారు. చచ్చిన పశువుని ఎత్తమనేదీ వాళ్ళే, ఎత్తితే కొట్టేదీ వాళ్ళే.

చట్టం సంగతి కూడా సాఫుగా చెప్తాను, తర్వాత ఎవరూ మెలికలు పెట్టకుండా. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవుని, దూడని కొయ్యడం నేరం. ఎద్దుకి, గేదెకి పశువుల డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని మీరమని నేను చెప్పడం లేదు. తినమనీ చెప్పడం లేదు, మానమనీ చెప్పడం లేదు. మనలో తినేవాళ్ళున్నారు, తిననివాళ్ళున్నారు. చట్టం అడ్డు చెప్పని కూర పేరు చెప్పడానికి ఏడో తరగతి గుంటడు ఎందుకు భయపడాలి? అదీ నేను అడిగేది. హాంబర్గర్ మాది అని అమెరికాలో ఊళ్ళు తగువులాడుకుంటుంటే, పెద్దమాంసం మాది అని చెప్పినవాడి పక్కన బెంచీ ఎందుకు ఖాళీ కావాలి?

నేను చేసింది చెప్పి ముగిస్తాను. మర్నాడు మధ్యాహ్న భోజనం వేళ పళ్ళెం పట్టుకెళ్ళి ఆ గుంటడి పక్కన కూచుని తిన్నాను. తర్వాతి పిరియడ్‌లో నల్లబల్ల మీద మూడు మాటలు రాశాను. హాంబర్గర్, కోరంగి, పెద్దమాంసం. మొదటి రెండూ ఎక్కణ్ణించి వచ్చాయో నేను చెప్పాను. మూడోది నేనే చెప్పాను, వాడి చేత చెప్పించలేదు. మా ఇంట్లోనూ వండుతారు, నేను దాని మీదే పెరిగాను అన్నాను. తరగతి నిశ్శబ్దం అయిపోయింది. బడి వదిలాక ఇద్దరు ఆడపిల్లలు వచ్చి "మా ఇంట్లో కూడానండి" అని గొంతు తగ్గించి చెప్పి పరుగెత్తారు. అన్నాళ్ళూ వాళ్ళూ వంకాయ కూరే చెప్తున్నారు.

ఇప్పుడు ఆ బెంచీ మీద ముగ్గురు కూచుంటున్నారు. ఇంకా ఇద్దరు పిల్లలు దూరంగానే ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడాలి, వచ్చే ఆదివారం వెళ్తున్నాను. తలుపు తీస్తారో లేదో చూడాలి.

మీకు నేను చెప్పేవి మూడే. మీ పిల్లలకి పొద్దున్నే కేరేజీ కట్టిచ్చేటప్పుడు అందులో అబద్ధం కట్టి ఇవ్వకండి. కట్టిచ్చిన నిజానికి బళ్ళో దెబ్బ తగిలితే పిల్లాణ్ణి ఒంటరిగా వదలకండి, పదిమంది కలిసి బడికి రండి, హెడ్మాస్టర్ని అడగండి, నాలాంటి మాస్టర్లని నిలదీయండి. మీ ఇళ్ళల్లో రంగం వెళ్ళొచ్చినవాళ్ళ కథలు, రేవులో మోసినవాళ్ళ కథలు, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ కథలు పెద్దలున్నప్పుడే రాయించండి. మన పేరు మనం రాసుకోకపోతే ఓడ ఎక్కించినవాడు రాస్తాడు.

ఆ గుంటడు మొన్న మళ్ళీ వచ్చాడు. కొత్త ప్రశ్న తెచ్చాడు. "మాస్టారూ, కోరంగి అని మా ముత్తాతని కూడా పిలిచేవోరా?" ఇంట్లో అడిగి రమ్మన్నాను.

జై భీమ్.